మా ఆసుపత్రిలో అరబీ తెలిసిన మనిషి

పటాన్‌చెరులో హైవే పక్కన మాది ఎముకల ఆసుపత్రి. ఫ్యాక్టరీలో చేయి నలిగినవాళ్లు, బండి మీంచి పడ్డవాళ్లు తప్ప వేరే ఎవరూ రారు. అలాంటి చోట మా డాక్టరుగారికి విదేశీ రోగుల పిచ్చి పట్టింది. ఒమన్‌లో మోకాలి ఆపరేషన్‌కి నెలల తరబడి ఆగుతారని ఒక ఏజెంటు చెవిలో ఊది పోయాడు. అంతే, మూలగది సోఫాతో, ఖర్జూరాల పళ్లెంతో ఇంటర్నేషనల్ వార్డు అయిపోయింది. ఇక అరబీ తెలిసిన మనిషి కావాలి. నర్సుల్లో ముస్లింను నేనొక్కదాన్నే.

"రోజూ ఖురాన్ చదువుతవ్ కద సిస్టర్, ఇంకేంది!"

"చదువుడే వస్తది సార్, మాట్లాడుడు రాదు. మా ఇంట్ల అందరిదీ గంతే. అర్థం ఉర్దూల చూసుకుంటం."

"మొహమాటపడకు."

ఇది మొహమాటమా! తల బాదుకోవాలనిపించింది.

మొదటి రోగి తమ్ముణ్ణి తోడు తెచ్చుకున్నాడు. ఆపరేషన్‌కి ముందు ఇవ్వాల్సిన సూది తీసుకెళ్లాను. చూడగానే పెద్దాయన గొంతు పట్టుకుని గబగబా ఏదో చెప్పాడు. తమ్ముడూ అందుకున్నాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఫోన్లో అనువాదం పెడితే, ఇద్దరూ ఒకేసారి అరుస్తుంటే అదీ చేతులెత్తేసింది.

"సూదంటే భయం, గంతే. ఫారంల అలర్జీ లేదని ఉంది. ఇచ్చెయ్," అన్నారు డాక్టరుగారు. ఆ ఫారం నింపింది ఏజెంటు.

ఇస్తే మనిషి పోతాడేమో, ఇవ్వకపోతే నా ఉద్యోగం పోతుందేమో. పొద్దున ఆ తమ్ముడు గేటు దగ్గర మా వాచ్‌మన్‌తో పగలబడి నవ్వుతూ కబుర్లాడటం అప్పుడు గుర్తొచ్చింది. సూది ట్రేలో పెట్టేసి గేటు దగ్గరికి పరుగెత్తాను.

వాచ్‌మన్‌ది కర్దనూర్‌లో రైతు కుటుంబం. మస్కట్‌లో పన్నెండేళ్లు క్రేన్ నడిపాడట. చెప్పులు గుమ్మంలో విడిచి, నుదుటి మీద ఇంత బొట్టుతో లోపలికొచ్చి, ధారాళంగా అరబీ అందుకున్నాడు.

"పెన్సిలిన్ పడదంట సార్. ఒకపారి ఇస్తే గొంతు వాసి ఊపిరాడలేదంట. సచ్చి బతికిండంట."

నా ట్రేలో ఉన్నది ఆ రకం మందే. డాక్టరుగారు మందు మార్చారు.

ఇకనైనా ఆ అన్నను లోపలి పనికి తీసుకుంటారనుకున్నాను. వారం తిరక్కుండానే కరపత్రాలు అచ్చయి వచ్చాయి. 'అరబీ తెలిసిన సిబ్బంది' అని, పైన హిజాబ్‌తో నా ఫొటో! ఒళ్లు మండిపోయింది.

"గా అన్న ఫొటో పెట్టాలె గద సార్!"

"ఆయన బొట్టు చూస్తే ఎవరు నమ్ముతరమ్మా?"

ఆ కరపత్రాలు గేటు దగ్గర పంచే పని మాత్రం ఆ అన్నకే ఇచ్చారు.