పదమూడో పత్తా

2023 వానాకాలం. నారాయణఖేడ్ బస్ డిపో దగ్గర నా దుకాణంలో జిరాక్సులు, లామినేషన్, పెళ్లిపత్రికల పని నడుస్తుంది. నా బడిచదువు పదో తరగతితో ఆగింది. తర్వాతిదంతా శాఖా గ్రంథాలయంలో దొరికిందే. లెక్కల వినోదాల పుస్తకం ఒకటి అక్కడి నుంచి రెండుసార్లు ఇంటికి తెచ్చుకున్నాను. అది కౌంటరు దగ్గర అక్కరకొస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

ఆ రోజు సిర్గాపూర్ వైపు ఆటో నడిపే ప్రభుదాసు వచ్చాడు. వెంట ఇద్దరు కూతుళ్లు: పెద్దది షారోను, చిన్నది రూతు. అంతకుముందు ఎండాకాలంలోనే వాళ్లమ్మ సునంద జబ్బుచేసి చనిపోయింది. ఆమె అంగన్‌వాడీ టీచరు. నా దగ్గరికి చార్టులకు వచ్చేది.

ప్రభుదాసు జేబులోంచి పేకముక్కల్లాంటి పత్తాల కట్ట తీశాడు. అన్నీ చేత్తో గీసిన బొమ్మలు.

“అన్నా, సునంద చేసిన ఆట ఇది. ఒక పత్తా పోయింది. గసొంటిదే చేసియ్యాలె.”

“పోయినదాని మీద ఏం బొమ్మలుండె?”

“అదే ఎరుకలేదు. ఇంట్ల పరేషాన్ అయితుంది. చిన్నదే పోగొట్టిందని పెద్దది దానితోని మాట్లాడుడే బంద్ జేసింది.”

“నేను పోగొట్టలే,” అంది రూతు.

షారోను వీధివైపు తిరిగి నిలబడింది. “మరి ఎవరు పోగొట్టిన్రు? అమ్మొచ్చి తీస్కపోయిందా?”

ప్రభుదాసు తల దించుకున్నాడు.

పత్తాలు గల్లా బల్ల మీద పరిచాను. ఒక్కోదాని మీద నాలుగు బొమ్మలు. చూస్తుండగానే తెలిసిపోయింది, ఇది నేను పుస్తకంలో చదివిన ఆటే. ఏ రెండు పత్తాలు తీసినా వాటికి ఒకే ఒక్క బొమ్మ కలుస్తుంది. రెండు కలవవు, ఒక్కటీ కలవకుండా ఉండదు. ముందు చూసి పేరు అరిచినవాళ్లకు పత్తా. సునంద ఎక్కడో ట్రైనింగులో చూసి పిల్లల కోసం తయారు చేసిందట. సాయంత్రం ప్రార్థన కాగానే నలుగురూ కూర్చుని ఆడేవాళ్లట.

“ఇదేంది, కుక్కనా?” అని అడిగాను.

“మేక!” అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. వెంటనే షారోను మళ్లీ మొహం తిప్పుకుంది.

“అమ్మ మేకనే గీసింది గని కుక్క లెక్క వచ్చింది,” అంది రూతు. “కుక్క అంటే పత్తా ఇయ్యకపోయేది.”

ఆటలో పత్తాలు పదమూడు, బొమ్మలూ పదమూడే. పత్తాకు నాలుగు చొప్పున యాభై రెండు బొమ్మలు పడతాయి కాబట్టి ఒక్కో బొమ్మ నాలుగు పత్తాల మీద ఉండాలి. ఒక పత్తా పోతే దాని మీది నాలుగు బొమ్మలు మాత్రం ఒక్కోటి తగ్గి మూడేసి సార్లే కనిపిస్తాయి. ఆ నాలుగూ పట్టుకుంటే పోయిన పత్తా దొరికినట్టే. ఈ మాట చెప్తే షారోను నమ్మలేదు.

“సూడకుంటనే చెప్తరా? మీరేమన్న జోస్యం చెప్పేటోళ్లా?”

“జోస్యం కాదు బిడ్డా, లెక్క. నువ్వే లెక్కపెట్టు.”

బస్సు నాలుగు, చేప నాలుగు, నిచ్చెన నాలుగు. గంట బొమ్మ దగ్గర షారోను ఆగింది. మూడే. తర్వాత గొడుగు, జొన్నకంకి, చివరికి ఆ మేక. నాకు పట్టరాని సంతోషమైంది. ఆర్ట్ కార్డ్, అంటే నున్నటి మందపు అట్ట, మిషన్లో పెట్టబోయాను.

“గంట, గొడుగు, జొన్నకంకి, మేక. ఇదే మీ పత్తా.”

“గదేనా పోయింది?” రూతు గల్లా అంచు పట్టుకుంది. “గా పత్తా అమ్మ బైబిల్ల ఉండె. ఆడుకుంట ఆడుకుంట దవాఖానకు లేవాల్సొచ్చింది కదా, అప్పుడు కీర్తనల కాడ గుర్తుకు పెట్టింది. నేను సూసిన. మళ్ల తీసి కట్టల కలిపిన్రనుకున్న.”

డిపోలో కండక్టరు ఈల వేస్తున్నాడు. ప్రభుదాసు స్టూలు మీద కూలబడ్డాడు. క్రైస్తవుల్లో పోయినవాళ్ల బైబిలును సమాధి పెట్టెలో వాళ్లతోనే ఉంచడం కొందరికి అలవాటు.

“నేనే పెట్టిన బిడ్డా,” అన్నాడు. “ఆమె చేతుల కింద. లోపల తెరిచి సూడలే.”

షారోను చెల్లెలి చున్నీ కొస పట్టుకుని తన పక్కకు లాక్కుంది. క్షమించమని అడగలేదు, చున్నీ వదలనూ లేదు.

“చేసియ్యన్నా, అసొంటిదే,” అన్నాడు ప్రభుదాసు.

“వద్దు డాడీ. అది అమ్మ కాడ్నే ఉండనియ్.” షారోను నా వైపు తిరిగింది. “అంకుల్, పన్నెండు పత్తాలతోని ఆట ఆడరాదా?”

“ఆడొచ్చు. ఒకటి తక్కువైనా, ఏ రెండు తీసినా ఒక బొమ్మ కలుస్తనే ఉంటది.”

“మరి అమ్మ పత్తాతోని?” అంది రూతు.

రూతు తనే ఒక్కో పత్తా దగ్గరికి లాక్కుని వేలు పెట్టింది. దీని మీద గంట. దీని మీద గొడుగు. దీని మీద మేక. పన్నెండింటిలో ఒక్కటి కూడా ఖాళీ పోలేదు. ఏ రెండు పత్తాలకైనా ఒక బొమ్మ కలవాలన్న నియమం మట్టిలో ఉన్న పత్తాకూ చెల్లుతుంది. పుస్తకంలో అది చదివే ఉన్నాను. అక్కడ అది ఒక వాక్యం మాత్రమే.

ఆ పన్నెండింటికే లామినేషన్ చేసి, గుచ్చుకోకుండా మూలలు గుండ్రంగా కోసి ఇచ్చాను. ఆటో కదులుతుంటే వెనక సీట్లోంచి రూతు గొంతు వినిపించింది, “మేక!” అని. “కుక్క,” అంది షారోను. ముందు సీట్లో ప్రభుదాసు భుజంతో కళ్లు తుడుచుకోవడం అద్దంలో కనిపించింది.

చినిగిన ఫొటోలు, సగం పోయిన కాగితాలు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటాయి. మిగిలినదాన్ని బట్టి పోయినదాన్ని పోల్చుకోవడం గ్రంథాలయం నేర్పింది. పోల్చుకున్నాక, దాన్ని మళ్లీ తయారు చెయ్యాలా వద్దా అని ఇంటివాళ్లను అడగడం మాత్రం ఆ ఇద్దరు పిల్లలు నేర్పారు.