తౌనో తాత నొక్కిన మీట

ఇద్దరు పోట్లాడుతుంటే చూస్తూ ఊరుకోవడం తౌనో తాతకు చేతకాదు. మధ్యలో దూరి చెరిసగం పంచేదాకా ఆయనకు అన్నం సయించదు. ఆవిరిగదిలో ఒకరు వేడి చాలదని, ఇంకొకరు ఎక్కువైందని అంటే, తలుపు సగం తెరిచి అందరినీ వణికించిన ఘనుడు. రెండు పల్లెలు వంతెన కోసం కొట్టుకుంటే రెంటికీ సమాన దూరంలో కట్టించాడు. దానికి ఇటునుంచీ బాట లేదు, అటునుంచీ లేదు. దుప్పులు మాత్రం హాయిగా దాటుతున్నాయి.

అయినా మీసం మొలిచిన వయసులో మధ్యేవాద పార్టీ తరఫున కౌన్సిల్లో కూర్చున్నవాడు పళ్లసెట్టు వచ్చినా లేవలేదు. ఎన్నికలప్పుడు సంతలో ఆయన పోసే బఠాణీ సూపు కోసం ఎడమ పార్టీవాళ్లూ కుడి పార్టీవాళ్లూ ఒకే వరుసలో నిలబడేవారు.

ఆ చలికాలం హిర్వినియెమి ఊరి బడిని మూసే సంగతి కౌన్సిల్ ముందుకొచ్చింది. తాత చదివింది అక్కడే. ఆయన భార్య ఐలి అవ్వ రిటైరయ్యేదాకా వంట చేసిందీ అక్కడే. తాత మూయొద్దని ఓటు వేస్తే బడి నిలుస్తుంది. వేయకపోతే ఇరువైపులా సమానమై అధ్యక్షుడి మాట చెల్లుతుంది. ఆయనేమో మూయాలనే మనిషి. ఇది ఊరంతా ఎరిగిన లెక్కే.

బూట్లు తొడుక్కుంటున్న తాతతో అవ్వ, "ఏమయ్యా, ఈ ఒక్కసారి పంపకాలు పెట్టకు. బడిని సగానికి కోస్తే రెండు బళ్లు కావు," అంది.

తాత తలూపి వెళ్లాడు. వెళ్లి, చిన్న తరగతులను ఉంచి పెద్ద పిల్లలను బస్సులో పట్నానికి పంపుదామని ప్రతిపాదించాడు. ఎవరైనా బలపరుస్తారా అని అధ్యక్షుడు అడిగాడు. తాత పక్కనే సొంత పార్టీ మనిషి హిల్కా ఉంది. ఆమె తెచ్చిన ప్రతి ప్రతిపాదననూ ఇన్నేళ్లుగా తాతే బలపరిచాడు. ఆమె కాఫీ కప్పులోకి చూస్తూ, "ఈసారి తప్పించుకోకు తౌనో, ఏదో ఒకటి తేల్చు," అంది మెల్లగా.

బలపరిచేవాళ్లు లేని ప్రతిపాదన ఓటుకు రాదు. అది రాలిపోయిందని అధ్యక్షుడు ప్రకటించి మీటలు నొక్కమన్నాడు. 'మూసేద్దాం' అని ఒకటి, 'వద్దు' అని ఒకటి, రెంటికీ మధ్య 'ఎటూ కాదు' అని ఒకటి. తాత వేలు 'వద్దు' దాకా వెళ్లింది. ఎదుటి వరుసలో, మూసేద్దామనేవాళ్ల మధ్య, ఒకప్పుడు పాలకేంద్రంలో తనతో పనిచేసిన స్నేహితుడు తననే చూస్తున్నాడు. వేలు జారి అలవాటైన చోట ఆగింది.

బయట మంచులో ఆ స్నేహితుడు చెయ్యి కలిపి, నీ పుణ్యమా అని గట్టెక్కాం అన్నాడు. ఆ చేతిని ఎలా విడిపించుకోవాలో తాతకు తోచలేదు.

ఇంటికొచ్చేసరికి బడి మూతపడుతుందన్న కబురు ముందే చేరింది. అవ్వ పొయ్యి మీది కాఫీ దించింది.

"నేను బడికి ఎదురు ఓటు వెయ్యలేదు, ఐలీ."

"ఏ మీట నొక్కావు?"

"మధ్యది."

"నొక్కావుగా," అంది అవ్వ. ఒక్క కప్పులోనే పోసుకుంది.

ఆకులు రాలే కాలంలో, ఇంకా తెల్లవారకముందే, తాత గేటు దగ్గర పేపరు కోసం నిలబడేవాడు. పట్నం బస్సు అటే పోయేది. చిన్న తరగతుల పిల్లలు కిటికీ అద్దాలకు తలలాన్చి నిద్రపోతుండేవారు. తాత చెయ్యెత్తేవాడు. ఎవరూ లేచేవారు కాదు.