ఉమాకాంతం గారి సన్మానపత్రం

ఇంకో నాలుగు రోజుల్లో రిటైరయ్యే మనిషిని పట్టుకుని, "మీ సన్మానపత్రం మీరే రాసుకోవాలి సార్" అన్నాడు జూనియర్ అసిస్టెంట్ సతీష్‌బాబు.

నందిగామ ఆఫీసులో టీలొచ్చిన వేళ అది. సూపరింటెండెంట్ ఉమాకాంతం గ్లాసు కింద పెట్టాడు. "నాది నేనా?"

"మరింకెవరండీ? నేను రాస్తే సెలవు చీటీలాగా ఉంటది. మీరు రాసిచ్చెయ్యండి, మైకులో దడదడలాడించే పూచీ నాది."

అందరూ నవ్వారు. ఉమాకాంతం కూడా నవ్వాడు. ఎవరేమన్నా నవ్వెయ్యడం ఆయనకి ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే అలవాటైంది.

ఆయన దస్తూరీ ముత్యాల కోవ. అందుకని ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ చుట్టుపక్కల ఎవరు రిటైరైనా పత్రం ఆయనే రాశాడు. నందిగామ, వత్సవాయి, పెనుగంచిప్రోలు, ఏ ఊళ్ళో ఏ ఉద్యోగి ఇంటి గోడ చూసినా ఆయన విశేషణాలు అద్దం వెనక వేలాడుతుంటాయి. ఒక్కదాని కిందా ఆయన పేరుండదు.

ఆ సాయంత్రం జగ్గయ్యపేటలో బస్సు దిగి తిన్నగా నబీ కొట్టుకెళ్ళాడు. కార్డులు, పత్రాలు అచ్చువేసి ఫ్రేములు కట్టిస్తాడు నబీ. సంగతి వినగానే కంప్యూటర్లో పాత ఫైలు తెరిచాడు.

"దీనికింత ఆలోచన ఎందుకండీ? పేరు మారుద్దాం, తేదీ మారుద్దాం. మిగతాదంతా మీరు రాసిందే గదా." అని చదవడం మొదలెట్టాడు. "నిగర్వి, మృదుభాషి, అజాతశత్రువు, విధినిర్వహణలో అలుపెరుగని కర్మయోగి..."

ఒక్కో మాటా వింటుంటే ఉమాకాంతానికి ఎవరిదో చొక్కా తొడుక్కున్నట్టుంది. "నబీ, నేనిట్టాంటివాడినేనా?"

"రిటైరయ్యే రోజున అందరూ ఇట్టాంటోళ్ళే సార్" అన్నాడు నబీ, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

రేపొస్తానని చెప్పి ఇంటికి నడిచాడు. మోకాళ్ళు లాగేస్తున్నాయి. భార్య రాజరాజేశ్వరి హాల్లో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఆయన ఎదురుగా కుర్చీలో కూలబడ్డాడు.

"రాజీ, నేనెట్టాంటి మనిషిని?"

"ఇప్పుడొచ్చిందా ఆ డౌటు?"

"చెప్పవోయ్. రాసివ్వాలి."

"ఏమని చెప్పనండీ? ముప్ఫైయేళ్ళ పైన వండిపెడుతున్నా. కూర బాగుందనలేదు, బాలేదనలేదు. పెట్టింది తిన్నారు. ఎవరితోనూ మాట పడలేదు, ఎవరి తరఫునా మాట్లాడలేదు." చేతిలో కాయ విరిచి, గొంతు తగ్గించి అంది. "ఆ రత్నబాబు సంగతి కూడా ఇంటికొచ్చి నాకే చెప్పారు. రెండు పూటలు అన్నం మానేశారు. చెప్పాల్సిన చోట చెప్పలేదు."

రత్నబాబు వాళ్ళ ఆఫీసులో అటెండరు. పద్నాలుగేళ్ళ కిందట ఒక రిజిస్టరు కనబడకుండా పోయింది. అటెండరే పోగొట్టాడన్నారు. ఆ రిజిస్టరు అప్పటి ఆఫీసరు కారు వెనక సీట్లో ఉండటం ఉమాకాంతం కళ్ళారా చూశాడు. అయినా, దస్తూరీ బాగుంటుందని మెమో ఆయన చేతే రాయించారు. 'నిర్లక్ష్యం, బాధ్యతారాహిత్యం' అని పొందిగ్గా రాసిచ్చాడు. రత్నబాబు మూడు నెలలు సస్పెన్షన్‌లో ఇంట్లో కూర్చున్నాడు. రిజిస్టరు ఓ రోజు చప్పుడు లేకుండా బీరువాలోకొచ్చింది. దాని మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తర్వాత రత్నబాబు రిటైరైతే ఆ పత్రం రాసిందీ ఉమాకాంతమే. 'విధినిర్వహణలో నిప్పు' అన్నాడు అందులో. తను రాసిన వాటన్నిట్లోకీ బాగా కుదిరిన పత్రం అదేనని అప్పట్లో అనుకున్నాడు కూడా.

మర్నాడు పొద్దున, రాత్రి రాసుకున్న కాగితం నబీ కొట్లో పెట్టాడు. నబీ టైపు చేస్తూ చేస్తూ మధ్యలో ఆగిపోయాడు.

"సార్, ఈ ముక్క ఉంచమంటారా?"

"ఉంచు."

"అందరి ముందూ చదువుతారండీ."

"చదవడానికే గదా."

"బోర్డరు పూలదే వెయ్యనా?" అన్నాడు నబీ చివరికి.

"పూలదే వెయ్యి."

ధైర్యమొచ్చి రాశాడని ఎవరైనా అంటే ఆయనే ఒప్పుకోడు. తన కోసం ఇంకో నాలుగు విశేషణాలు వెతికే ఓపిక లేకపోయింది, అంతే.

సన్మానం రోజున హాలు నిండింది. పాత ఉద్యోగుల్నీ పిలిచారు. వెనక వరసలో, ఫ్యాను కింద, రత్నబాబు కూర్చున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. మెడలో దండ గుచ్చుకుంటుంటే ఉమాకాంతం అటు ఒక్కసారే చూశాడు.

సతీష్‌బాబు మైకందుకున్నాడు. అన్న మాట ప్రకారం దడదడలాడించాడు. "వీరు వత్సవాయిలో జన్మించి... వీరి దస్తూరీ అందరూ మెచ్చినది... పోయినదన్న రిజిస్టరు విషయంలో రత్నబాబు తప్పేమీ లేదని వీరికి ఆనాడే తెలుసు! తెలిసీ వీరు నోరు విప్పలేదు! పైగా ఆ మెమో రాసినది వీరే!" అని గొంతు ఆకాశానికెత్తి ఆపాడు.

హాలంతా చప్పట్లు.

తనేం చదివాడో సతీష్‌బాబుకే తెలియదు. చప్పట్లు కొట్టినవాళ్ళూ వినలేదు. ముందు వరసలో ఇద్దరు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుని, తప్పుగా విన్నామేమోనని ఊరుకున్నారు. వెనక వరసలో రత్నబాబు చేతులు ఒళ్ళో అలాగే ఉన్నాయి.

భోజనాల దగ్గర సందడి తగ్గాక రత్నబాబు ఉమాకాంతం దగ్గరికొచ్చాడు.

"ఇప్పుడు రాశారా సార్?"

"ఆలస్యమైంది రత్నబాబూ. కోపం ఉందా?"

"ఉందండీ." కుర్చీ మీదున్న ఫ్రేము వైపు చూశాడు. "అది నాకిచ్చెయ్యండి. మా ఆవిడకి చూపించాలి. పోగొట్టినోడు అనే మాట మా వీధిలో ఇంకా పోలా."

ఉమాకాంతం ఫ్రేము తీసి ఇచ్చాడు. రత్నబాబు దాన్ని తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకుని, దణ్ణం పెట్టకుండానే పెనుగంచిప్రోలు ఆటో ఎక్కాడు.

జగ్గయ్యపేట బస్సులో సీటు దొరకలేదు. శాలువా ఒక చేత, సంచి ఒక చేత పట్టుకుని చిల్లకల్లు దాకా నిలబడే వచ్చాడు. మనసు తేలికపడుతుందేమోనని దారంతా చూసుకున్నాడు. పడలేదు. కాళ్ళు మాత్రం బాగా నొప్పెట్టాయి.

ఇంట్లో రాజరాజేశ్వరి హాలు గోడకి అప్పటికే మేకు కొట్టించి ఉంచింది. "ఏదండీ పత్రం?"

"రత్నబాబు పట్టుకెళ్ళాడు."

ఆవిడ ఆయన మొహం చూసింది. మేకు వైపు చూసి, "మరి దీనికేం తగిలిద్దాం?" అంది.

ఉమాకాంతం చెమటతో తడిసిన చొక్కా విప్పి ఆ మేకుకి తగిలించి, కాళ్ళు చాపుకుని కుర్చీలో కూర్చున్నాడు.