మెర్విన్ గారి ఇంట్లో చోటు లేదు

మెర్విన్ హలుష్చక్ గారిని దేని మీద అభిప్రాయం అడిగినా ఒకటే మాట చెబుతారు: "అంతా బాగుంది గానీ, ఇంట్లో చోటు చాలట్లేదు."

ఇల్లంటే కెనడాలోని సస్కటూన్‌లో ఆయన, భార్య స్టెఫా గారు ఉండే ఇల్లు కాదు. అది పెద్దదే. నేను చెప్పేది మా ఆఫీసువాళ్లు తయారుచేసిన 'బ్రాకెన్‌ఫెల్' అనే ఆన్‌లైన్ ఆటలో ఆయన కొనుక్కున్న ఇల్లు. అందులో రాక్షసులతో కొట్లాడవచ్చు, చేపలు పట్టవచ్చు, వడ్రంగం నేర్చుకోవచ్చు, చివరికి ఒక ఇల్లు కొనుక్కుని ముచ్చటగా అలంకరించుకోవచ్చు. ఆ ఇంట్లో ఇన్ని సామాన్లే పెట్టాలని ఒక హద్దు ఉంది. ఆ హద్దుకీ మెర్విన్ గారికీ పడదు. ఆటగాళ్లు రాసి పంపే అభిప్రాయాలన్నీ చదవడం నా ఉద్యోగం కాబట్టి, ఆ వైరానికి నేనే మొదటి సాక్షిని.

ఓసారి మేం ఆటలోకి మూడు తలల డ్రాగన్‌ని దింపాం. జనం వెర్రెత్తిపోయారు. మెర్విన్ గారు రాశారు: "మూడు తలలూ బాగున్నాయి. ఒక తల తగ్గించైనా సరే, ఇంట్లో చోటు పెంచండి." చేపల వేట మెరుగుపరిచాం. "చేపలు బాగా పడుతున్నాయి. తెచ్చి ఎక్కడ పెట్టుకోను?" ఇంకోసారి సర్వర్లు కుప్పకూలి రోజంతా ఆట ఆగిపోయింది. లోకమంతా మమ్మల్ని తిట్టిపోస్తుంటే ఆయనొక్కరే చల్లగా రాశారు: "మనుషులన్నాక పొరపాట్లు సహజం. ఎలాగూ విప్పి బాగుచేస్తున్నారు గనక, ఆ చేత్తోనే ఇంట్లో కాస్త చోటు కూడా చూడండి."

రాయడంతో ఊరుకునేవారా? ఉండేది మా ఊళ్లోనేగా! స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి, ఎంత మంచు కురిసినా చెవుల మీదికి ఉన్ని టోపీ లాక్కుని మా ఆఫీసుకి వచ్చేసేవారు. చేతిలో స్టెఫా గారు చేసిన పెరోగీల గిన్నె. మా ఆఫీసులో సగం మందికి ఆలుగడ్డ కూరిన, కజ్జికాయల్లాంటి ఆ పెరోగీలే మధ్యాహ్నం భోజనం.

"అమ్మాయ్ హైమా, ఆఫీసు ఎంత బాగుందో! ఆ మూలంతా ఖాళీయే."

"అవునండీ."

"ఇంత ఖాళీ మీ దగ్గర పెట్టుకుని, ఆటలో మాకు ఇవ్వడానికి చేతులు రావేం తల్లీ?"

అదీ వరస. పళ్ల డాక్టరు ఆయన పన్ను పీకి ఎలా ఉందని అడిగితే, "బాగుంది, ఇప్పుడు కాస్త చోటు వచ్చింది" అన్నారట.

ఇంత గొడవ చేసే మనిషి ఆ ఇల్లు ఒక్కరికైనా చూపిస్తారా అంటే, లేదు. బ్రాకెన్‌ఫెల్‌లో జనం ఇల్లు కట్టుకునేదే పదిమందికి చూపించి మురవడానికి. మెర్విన్ గారి తలుపుకి మాత్రం ఎప్పుడూ తాళమే. లోపల డ్రాగన్ గుడ్లున్నాయని కొందరు, బంగారం పోగేశారని కొందరు. నేనూ అడిగి అడిగి అలిసిపోయాను.

"ఒక్కసారి తలుపు తీయండి, చూసి వచ్చేస్తాను."

"సర్దలేదమ్మాయ్."

"పోయినేడాదీ ఇదే అన్నారు!"

"పోయినేడాదీ సర్దలేదు."

పైగా ఆటలో తన పక్కింటావిడ మీద ఆయనకు చెప్పలేనంత కుళ్లు. ఆవిడ ఆటలో పెట్టుకున్న పేరు గుడ్లగూబ. ఎవరితోనూ మాట్లాడదు. కిటికీలోంచి చూస్తే ఇల్లంతా బోసి. "ఒక్క సామాను లేదమ్మాయ్! ఒక్కటి! అంత చోటు దండగ చేయడానికి మనసెలా వస్తుందో!" అని బాధపడేవారు.

ఆ బాధ స్టెఫా గారి ముందు పడితే మాత్రం చీవాట్లే. "ఆ దిక్కుమాలిన ఆట మొహం కూడా నేను చూడను హైమా. ఇక్కడ గరాజ్ నిండా ఈయన సామానే, బేస్‌మెంట్ నిండా ఈయన సామానే. నా జన్మకి ఒక్క ఖాళీ గది కనబడితే చాలు" అనేవారు ఆవిడ, పిండి మర్దిస్తూ. మెర్విన్ గారు నాకేసి చూసి కన్ను గీటేవారు.

ఇక్కడ నా గొప్ప కూడా కొంచెం చెప్పుకోవాలి. మా ఆటలో వడ్రంగం మొదలుపెట్టినవాళ్లు అందరికన్నా ముందు చేయాల్సింది ముక్కాలిపీట. కొత్త చేయి కాబట్టి ఒక కాలు పొట్టిగా వస్తుంది. దాని మీద 'నాసిరకం' అని ముద్ర కూడా పడుతుంది. అటువంటి పీట నేను చేసి మార్కెట్లో పెట్టి, వెనక్కి తిరిగేలోపు ఎవరో కొనేశారు! ఎవరు కొన్నదీ అప్పట్లో మా ఆట చెప్పేది కాదు. ఆ రోజు నేను వంటింట్లో గంతులేశాను. ఈ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు కూడా అదే చెప్పాను. ఆటను రూపొందించిన కర్టిస్ ఒలెక్సిన్ కుర్చీలోంచి సగం లేచి, "నా పీట కూడా అంతే! మారుపేరుతో చేసి పెట్టాను, రెప్పపాటులో పోయింది!" అన్నాడు. ఉద్యోగం వచ్చేసింది.

ఏటా కర్టిస్ గోడ మీద ఒక పెద్ద బొమ్మ వేసి చూపిస్తాడు. పైకి పాకే ఎర్ర గీత. "కొత్తవాళ్ల సరుక్కి కూడా ఇంత గిరాకీ ఉన్న ఆట ఇంకోటి చూపించండి! ఊరికే రాలేదిది. దీని వెనక బోలెడు ఆర్థికశాస్త్రం ఉంది" అని చొక్కా కాలరు సర్దుకుంటాడు.

ఆ కర్టిస్సే నిరుడు శీతాకాలంలో ఇళ్ల మీద పెద్ద అప్‌డేట్ ప్రకటించాడు. బాల్కనీలు, పెరటి తోటలు, పొగ వచ్చే చిమ్నీలు, మంచు పేరుకునే కిటికీలు! నాకు ఊపిరి తిప్పుకోనివ్వకుండా అభిప్రాయాలు వచ్చిపడ్డాయి. పిల్లి పడుకోవడానికి కిటికీ అరుగు కావాలని ఒకరు, పిల్లి కూడా కావాలని ఇంకొకరు. ప్రకటన అడుగున ఒక చిన్న వాక్యం ఉంది: సర్వర్ల మీద బరువు తగ్గించడానికి ఇళ్లలోని నాసిరకం సామాన్లన్నీ తీసేస్తాం. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మెర్విన్ గారి దగ్గర్నుంచి మాత్రం రెండే ముక్కలు వచ్చాయి: "దయచేసి వద్దు."

అంతా బాగుంది అనలేదు. చోటు మాటే లేదు. నాకు గాభరా పుట్టి ఫోన్ చేశాను.

"లోపల ఏమున్నాయండీ అసలు?"

"సామాన్లు."

"నాసిరకం సామాన్లా?"

"ఎవరికమ్మా నాసిరకం?" ఆయన గొంతు అంత చిన్నదవడం నేనెప్పుడూ వినలేదు. "అవి పోతే నాకు ఆ ఇల్లే వద్దు అమ్మాయ్. మళ్లీ ఒక్కటి కూడా చేయించలేను."

"శనివారం ఆ మంచు మీద రాళ్లు జార్చి ఆడే కర్లింగ్ క్లబ్ హాల్లో ఆటగాళ్ల సభ ఉంది. వచ్చి కర్టిస్‌కే చెప్పండి" అన్నాను.

శనివారం బయట మాట్లాడితే మాట గడ్డకట్టే చలి. అయినా హాలు కిక్కిరిసిపోయింది. రెజైనా నుంచి వచ్చారు, మూస్‌జా నుంచి వచ్చారు, సరిహద్దు దాటి అమెరికాలోని నార్త్ డకోటా నుంచి కూడా ఒకాయన బండి నడుపుకుంటూ వచ్చాడు. అందరి ఒళ్లో లాప్‌టాప్‌లు. పక్కనే వంటగదిలో స్టెఫా గారు ఉల్లిపాయలు, పెరోగీలు వేయిస్తున్నారు. ఆ గదికీ హాలుకీ మధ్య వడ్డించే కిటికీ తెరిచే ఉంది. పెద్ద తెర మీద కర్టిస్ కొత్త చిమ్నీలోంచి మొదటిసారి పొగ తెప్పించేసరికి జనం లేచి నిలబడి ఈలలు వేశారు. అంత సంబరం నేను హాకీ స్టాన్లీ కప్ ఫైనల్ రోజు కూడా చూడలేదు.

అప్పుడు మెర్విన్ గారు మైకు అందుకున్నారు. ఆయన నోరు తెరవకముందే హాలు హాలంతా ఒకే గొంతుతో అరిచింది: "ఇంట్లో చోటు చాలట్లేదు!"

ఆయన నవ్వలేదు. "చోటు పెంచొద్దు బాబూ. ఉన్నవి తీసెయ్యకండి, అంతే చాలు."

"ఏమున్నాయో చెప్పండి, ఆలోచిద్దాం" అన్నాడు కర్టిస్.

"చెప్పకూడదు."

"చెప్పకపోతే నేనేం చేయగలను మెర్విన్? ఈ నాసిరకం సరుకు వల్ల సర్వర్లు ఆయాసపడుతున్నాయి. ఒక్కరి కోసం ఎలా ఆపమంటారు?"

మెర్విన్ గారు టోపీ తీసి చేతుల్లో నలిపారు. హాల్లో అందరి మొహాలూ ఒకసారి కలయజూశారు. "చూశాక ఎవరూ నా మీద కోపం పెట్టుకోకూడదు మరి" అని, తన లాప్‌టాప్‌ని పెద్ద తెరకి తగిలించి, ఇన్నేళ్ల తాళం తీశారు.

పీటలు! నేల మీంచి కప్పు దాకా ముక్కాలిపీటలు! మంచం మీద పీటలు, పొయ్యిలో పీటలు, స్నానాల తొట్టిలో పీటలు, మెట్ల కింద కుక్కిన పీటలు. ఒక్కటి తిన్నగా నిలబడితే ఒట్టు. హాలంతా పగలబడి నవ్వింది. డ్రాగన్ గుడ్లెక్కడ, ఈ కుంటి పీటలెక్కడ!

"ఆగండాగండి!" రెజైనా నుంచి వచ్చిన రోవీనా కేక పెట్టింది. "ఆ పొయ్యి మీద పీట. దాని మీద మౌస్ బాణం పెట్టండి!"

మా ఆటలో ఏ వస్తువు మీద బాణం పెట్టినా చేసినవాళ్ల పేరు కనబడుతుంది. కనబడింది: రోవీనా.

"అది నా మొట్టమొదటి పీట! పెట్టగానే అమ్ముడుపోయింది!"

"దాని పక్కది నాదిలా ఉందే!" "ఆ మంచం మీదది చూడండి!" ఇక తొక్కిసలాటే. 'బ్రాకెన్‌ఫెల్ మహావడ్రంగి' అని పేరు పెట్టుకుని తిరిగే గార్నెట్ అనే గడ్డపాయన, "నా మొదటి పీటకే కొనేవాళ్లు ఎగబడ్డారు" అని ఇందాకే నాకు చెప్పాడు. ఆ పీట స్నానాల తొట్టిలో తలకిందులుగా ఉంది. నాది మెట్ల కింద దొరికింది. వంటింట్లో నేను వేసిన గంతులన్నీ గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. కర్టిస్ మారుపేరు పీట ఎక్కడుందనుకున్నారు? తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టి ఉంది.

కర్టిస్ తెర దగ్గరికి నడిచాడు. "అంటే... గోడ మీద నేను వేసే ఆ ఎర్ర గీత... ఆ గిరాకీ..."

"నేనే నాయనా" అన్నారు మెర్విన్ గారు, తప్పు చేసినవాడిలా.

"మొత్తం?"

"మధ్యలో కొన్నాళ్లు నాకు జలుబు చేసింది. అప్పుడు కాస్త పడిపోయుంటుంది చూడు."

పడిపోయిందట. ఎందుకు పడిపోయిందో తేల్చడానికి అప్పట్లో కర్టిస్ ఓ నిపుణుణ్ణి కూడా పిలిపించాడు.

"ఎందుకు చేశారు ఇదంతా?" అంది రోవీనా.

"నేను కొత్తగా వచ్చినప్పుడు నా పీట ఎవరూ కొనలేదమ్మా. రోజూ వెళ్లి చూసేవాణ్ణి. చూస్తూ చూస్తూ సిగ్గేసి వెనక్కి తెచ్చేసుకున్నా. ఆట మానేద్దామనుకున్నా కూడా. అది ఎలా ఉంటుందో నాకు తెలుసు గదా. ఒక పీట ఎవరో ఒకరు కొంటే వాళ్లు రెండోది చేస్తారు. ఇక కొన్నాక పారేయలేం. మనిషి చేత్తో చేసింది ఎలా పారేస్తాం?"

ఆ మొదటి పీట అమ్ముడుపోకపోతే నేను ఆట మానేసేదాన్నే. ఈ ఉద్యోగమూ ఉండేది కాదు. కర్టిస్ మైకు అవసరం లేకుండానే అరిచాడు: "ఒక్క పీట కూడా కదలదు! సర్వర్లు ఆయాసపడితే పడనీ!" హాలు దద్దరిల్లిపోయింది.

"మరి మీ పీట ఏదీ?" అని గార్నెట్ అడిగాడు. అన్నిటికన్నా అడుగున ఉందట. "ఇప్పుడు పెట్టండి మార్కెట్లో!" అని అందరూ లాప్‌టాప్‌లు తెరిచారు.

"వద్దు వద్దు. మీరంతా జాలితో కొంటారు. అది కొన్నట్టు కాదు."

"అయితే ఎవరమూ కొనం! చేతులు పైకెత్తండి అందరూ!" అంది రోవీనా. బ్యాంకు దోపిడీలో లాగా హాలంతా చేతులెత్తి నిలబడింది. కర్టిస్ కూడా. మెర్విన్ గారు తన కుంటి పీట మార్కెట్లో పెట్టారు. కిటికీ అవతల ఉల్లిపాయలు చిటపటలాడటం తప్ప చప్పుడు లేదు.

టింగ్!

'మీ ముక్కాలిపీట అమ్ముడుపోయింది. కొన్నవారు: గుడ్లగూబ.'

మెర్విన్ గారు గాల్లోకి ఎగిరారు. నిజంగా ఎగిరారు, ఆ మోకాళ్లతో! "పక్కింటావిడ! జన్మలో ఒక్క సామాను కొనని మనిషి! జాలీ లేదు గీలీ లేదు, ఆవిడకు మనమెవరమో కూడా తెలీదు! చూశారా? పనితనమంటే అదీ!"

జనం ఆయన్ని భుజాలకెత్తుకున్నారు. నేను ఈ కబురు స్టెఫా గారి చెవిన వేద్దామని వంటగదిలోకి పరిగెత్తాను. పొయ్యి పక్కన ఆవిడ ఫోను ఉంది. దాని నిండా పిండి వేలిముద్రలు. తెర మీద ఒక బోసి ఇల్లు. నట్టనడుమ ఒకే ఒక్క కుంటి పీట.

"మీరా!"

"అరవకే పిల్లా."

"ఆట మొహమే చూడనన్నారు!"

"ఆయన ఇంట్లో ఆ పీటల సంత చూడలేక పక్కనే ఓ ఖాళీ ఇల్లు కొనుక్కున్నా. ఆయన అటు తిరిగినప్పుడు పోయి ప్రశాంతంగా నిలబడతా. అంతే." ఆవిడ ఫోనుకేసి తల వంచి చూశారు. "కుంటిదే పాపం. అయినా ఒకటుంటే ఇల్లు ఇల్లులా ఉంది." ఆ తర్వాత నేనేదో అనబోతుంటే నోట్లో వేడి వేడి పెరోగీ కుక్కేశారు.

ఇప్పుడు మెర్విన్ గారు కనబడ్డ ప్రతివాడికీ తన పీట ఎలా రెప్పపాటులో అమ్ముడుపోయిందో చెబుతున్నారు. మొన్న ఆయన పంపిన అభిప్రాయం నా బల్ల మీద ఇంకా జవాబు లేకుండానే ఉంది: "అంతా బాగుంది గానీ, పక్కింటావిడ ఇంట్లో ఇంకో పీటకి చోటుంది. నా పనితనం తెలిసిన మనిషి. కాస్త అడిగి చూస్తారా?"

ఆయనకు తెలుగు రాదన్న ధైర్యంతోనే ఇదంతా రాశాను.