ఎలాదియో కోసిన తాడు

ఫిలిప్పీన్స్‌లోని పలవాన్ దీవిలో, మా రేవున ఎలాదియో అంత నెమ్మదస్తుడు లేడు. అతని పడవలో పదకొండేళ్లు వంట చేశాను. ఉప్పెక్కువైందని ఒక్కసారీ అనలేదు, నిజంగా ఎక్కువైన రోజున కూడా. అలాంటివాడికి గ్యాస్ వెతికే ఓడకు కాపలా పడవ పని దొరికింది. ఆ ఓడ వెనకాల, సముద్రం అడుగున గ్యాస్ జాడ పట్టే ఎనిమిది కిలోమీటర్ల కేబుల్ తేలుతూ వస్తుంది. దాని దారిలో వలలూ తెప్పలూ లేకుండా చూడటమే మా పని.

ఆ దారిలోనే అతని అక్క మొగుడు కసియానోది ఒక పాయావో ఉంది. లంగరు వేసిన వెదురు తెప్ప అది. కింద కొబ్బరాకులు వేలాడదీస్తే ఆ నీడకు చేపలు చేరతాయి. ఏడాదిన్నర ఓపిక పడితేగాని ట్యూనా చేప నిలవదు. కసియానోకు నడుం పడిపోయింది, చేపల వెంట తిరగలేడు. ఆ ఇంటి అన్నమంతా ఆ తెప్ప కిందే ఉంది.

ఇంకొకరి పాయావో తాడు మీద కత్తి పెట్టడం మాలో దొంగతనం కంటే పెద్ద తప్పు. సొంతదారు నోట మాట రావాలి. కంపెనీవాళ్లు తొందరపెడుతుంటే ఎలాదియో బావ ఇంటికి వెళ్లి కూర్చున్నాడు. గ్యాస్ పడితే ఊరికి కరెంటు వస్తుందనీ, పిల్లలకు ఉద్యోగాలొస్తాయనీ చెప్పాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! పక్కన కూర్చుని నేనూ తలాడించాను, సిగ్గు లేకుండా. ట్యూనా ఇప్పుడే చేరుతోంది, వారం ఆగమని కసియానో బతిమాలాడు. ఓడ ఆగదన్నాడు ఎలాదియో.

"సరే, నువ్వే కొయ్యి. పరాయి చెయ్యి పడనీకు" అన్నాడు ఆయన చివరికి.

ఎలాదియోనే కోశాడు. ఒక్క కోతకు తెగాల్సిన తాడు మూడు కోతలకు తెగింది.

మర్నాడు పొద్దున అవతలి దేశం ఓడలు రెండు వచ్చి అడ్డంగా నిలిచాయి. ఈ నీళ్లు తమవని వాళ్లు రేడియోలో అన్నారు, కాదు మావని మావాళ్లన్నారు. మధ్యాహ్నానికల్లా పని ఆపి వచ్చేయమని రాజధాని మనీలా నుంచి కబురు. గ్యాస్ ఓడ కేబుల్ చుట్టుకుని వెళ్లిపోయింది. దానికేం, చుట్టుకోవడానికి కేబులైనా మిగిలింది.

రేవులో కసియానో కర్ర ఊతంగా నిలబడి ఉన్నాడు. సంగతి అప్పటికే ఊరంతా తెలిసింది.

"వాళ్లు అడ్డొచ్చింది తాడు కోయకముందా, కోశాకా?"

"కోశాక, బావా. మర్నాడే."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మళ్లీ వస్తుందా ఆ ఓడ?"

"రమ్మంటే వస్తుందట."

"ఎవరు రమ్మంటే?"

"మనం మాత్రం కాదు, బావా."