అందరికంటే వెనక నడిచిన పోస్టు సారు

నా పేరు మల్లమ్మ. వయసు డెబ్బై నాలుగు. ఆధార్ కార్డులో అరవై తొమ్మిది అని ఉంటుంది, అది రాసినవాళ్ళ తప్పు. నాంపల్లి స్టేషన్ ఎదుటి గల్లీలో, లాడ్జీ మెట్ల కింది గదిలో ఉంటాను. ఆ లాడ్జీలో ముప్పై ఏళ్ళు దుప్పట్లు ఉతికాను. ఇప్పుడు చేతుల్లో బలం లేదు, మడతపెట్టడం ఒక్కటే నా పని. ఇంట్లో ఉండేది ఇద్దరం, నేనూ చుక్కీ. చుక్కి కుక్క. కోర్టు బయట కూర్చుని దరఖాస్తులు రాసే వెంకటయ్యతో ఇది రాయిస్తున్నాను. ఈ మాట దగ్గర ఆయన కలం ఆపాడు.

"ఇంట్ల మనుషులల్ల కుక్కను రాస్తరా అమ్మా?"

"నీ కలానికి నొప్పేంది? రాయి."

రాశాడు.

పోస్టు సారు పోయిన సంగతి నాకు మంగళవారం పొద్దున తెలిసింది. దుప్పట్లు మడతపెడుతుంటే చాయ్ బండి యాదగిరి గల్లీలోంచే కేకేశాడు. "మల్లమ్మత్తా! పోస్టు సారు పోయిండు. దవాఖానల. జరసేపాయె అంట." సగం మడిచిన దుప్పటి పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. చుక్కి మాత్రం యాదగిరి గొంతు వినగానే బిస్కెట్ కోసం తోక ఊపింది. దాన్ని తిట్టాను. దానికేం తెలుసు.

సారును తలుచుకుంటూ నడక గ్రూపువాళ్ళు ఒక చిన్న పుస్తకం అచ్చు వేయిస్తున్నారట. అందరూ తలా ఒక పేజీ ఇస్తున్నారట. నన్నెవరూ అడగలేదు. అడగకపోయినా ఇస్తున్నాను. చదివే పెద్దలు చివరిదాకా చదవాలి, మధ్యలో వదిలేయొద్దు. అసలు సంగతి మధ్యలో లేదు.

సారు ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో ముప్పై ఐదేళ్ళు ఉత్తరాలు పంచిన మనిషి. మా గల్లీ చివర ఇల్లు. నాకంటే ఏడేళ్ళు చిన్న, నన్ను అక్కా అనేవాడు. కూర్చుంటే ప్యాంటు మోకాలిదాకా లేపి, పిక్కల మీద కుక్క కాట్లు చూపించేవాడు. "ఇది గౌలిగూడల కరిచింది. ఇది కోఠిల. గీ పెద్దది ఖైరతాబాద్ల, గణేశుని చందా ఇయ్యలేదని కరిచిందేమో." రిటైరైన తర్వాత అవే కుక్కలు ఆయన వెంట తిరిగేవి. "ఖాకీ బట్టలున్నన్ని రోజులు నా మీద కోపం. బట్టలిడిచినంక చూడక్కా, చుట్టాల లెక్క చేస్తున్నయ్" అని నవ్వేవాడు.

మూడేళ్ళ కింద, బతుకమ్మ పండుగ అయిపోయిన వారం, సారు వచ్చి నడకకు రమ్మన్నాడు. కుక్కలున్న మనుషులు ఆదివారం పొద్దున్నే పోస్టాఫీసు ముందర కలుస్తారు. కిరాయి బస్సులో ఊరు దాటి వికారాబాద్ వైపు పోతారు. చేల మధ్యన కుక్కలతో మూడు గంటలు నడుస్తారు, తిని వచ్చేస్తారు. వానలు ఆగిన దగ్గర్నుంచి చలి ముదిరేదాకా వారం విడిచి వారం.

"నడవనీకి బస్సెక్కి పోవుడేంది తమ్మీ? నాంపల్లిల తొవ్వల్లేవా?"

"ఉన్నయ్ గని అక్కా, ఈడ నడిస్తే ఏడికో పోవాలె. ఆడ ఏడికీ పోయేది లేదు."

ఆ మాట నాకు నచ్చింది. నేను బతుకంతా ఎక్కడికో పోవడానికే నడిచాను.

కానీ చుక్కి గల్లీ కుక్క. వెనక కుడికాలు ఆటో కింద పడి వంకర పోయింది. గ్రూపులో పెద్ద కుక్కలు, జూలు కుక్కలు, ఇంగ్లీషు పేర్ల కుక్కలు. సారే దాన్ని పశువుల దవాఖానకు తీసుకుపోయి సూది వేయించాడు, మెడకు పట్టీ కొన్నాడు, గ్రూపు కాగితం నింపాడు. కుక్క జాతి ఏమిటని అందులో అడిగితే నాంపల్లి అని రాశాడు. గ్రూపు నడిపే మేడం అది చదివి నవ్వింది. అట్లా మమ్మల్ని చేర్చుకున్నారు.

మొదటిసారి బస్సు దిగినప్పుడు గడ్డి నిండా మంచు. గట్ల మీద తంగేడు ఇంకా పసుపుగానే ఉంది, గునుగు తెల్లబడి తలలు వాల్చింది. పత్తి పగులుతోంది. చుక్కి మట్టిని వాసన చూసి తుమ్మింది, మళ్ళీ చూసింది. సిమెంటు కాని నేల మీద అది కాలు పెట్టడం అదే మొదలు. నేను సీతాఫలం చెట్టు కింద నిలబడి ఏడ్చాను. ఎందుకో నాకే తెలియదు. సారు చూసి కూడా చూడనట్టు పక్క గుడిసె రైతును పలకరించాడు. "నీ ఇంటి నంబరెంత?" ఆ రైతు బిత్తరపోయాడు. "నంబరేంది సారూ, నేనే ఉన్న గద ఈడ."

నడకలో సారు పని అందరికంటే వెనక నడవడం. ముందు మేడం పోతుంది. ఎవరూ తప్పిపోకుండా, ఏ కుక్కా వెనకబడకుండా ఆఖరున ఒక మనిషి ఉండాలి. ముందు నుంచి మేడం ఒక పొడుగు విజిల్ ఊదుతుంది. అందరూ ఉన్నారా అని దాని అర్థం. వెనక నుంచి సారు రెండు పొట్టి విజిళ్ళు ఊదితే, ఉన్నామని. "ముందు పోయేటోనికి తొవ్వ తెలిస్తే చాలక్కా. ఎనుక వచ్చేటోడు మనుషులను చూసుకోవాలె" అనేవాడు. పాత ఉత్తరాల సంచి భుజానికి ఉండేది. అందులో ఒక సత్తు గిన్నె, నీళ్ళ సీసా. అన్ని కుక్కలూ తాగాక చుక్కికి పోసేవాడు, ఆ తర్వాతే తను తాగేవాడు.

ఇప్పుడు నేను చెప్పాల్సింది చెబుతాను.

సారు పోయిన పదో రోజు భోజనాలప్పుడు మేడం నా పక్కకు వచ్చి కూర్చుంది. మంచిదే పాపం, గొంతు తగ్గించి మాట్లాడింది. "అమ్మా, తప్పుగా అనుకోకండి. సార్‌కి గుండె జబ్బుందని మాకెవరికీ తెలీదు. ప్రతిసారీ మీ కుక్క కోసం ఎండలో ఆగి ఆగి ఆయన మీద స్ట్రెయిన్ పడింది. అందుకే కాలు బాగాలేని కుక్కలు, డెబ్బై దాటినవాళ్ళు ఇకమీద వద్దని రూల్ పెట్టుకున్నాం."

"నా కుక్క మీద పెడుతున్నవా బిడ్డా?"

"ఎవరి మీదా పెట్టడం లేదమ్మా. జరిగింది చెబుతున్నా."

ఎదురుగా దండ వేసిన సారు ఫొటో. పక్కనే ఆయన కోడలు విస్తళ్ళు వేస్తోంది. నేను విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. నా నోరు ఎట్లాంటిదో గల్లీలో అందరికీ తెలుసు. అది మూసుకుపోయింది ఆ ఒక్క రోజే.

ఎందుకంటే నేను సారుకు మాటిచ్చాను. ఇప్పుడు తప్పుతున్నాను.

చుక్కి కోసం సారు ఆగలేదు. సారు కోసం చుక్కి ఆగింది.

రెండో ఏడు నడకల్లో ఒకరోజు జొన్నచేను దగ్గర సారు నిలబడిపోయాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. ముందువాళ్ళు తిరిగి చూస్తే గట్టిగా అరిచాడు. "చుక్కి నడుస్తలేదు! మీరు పోండి, మేం వస్తం!" పాపం కుక్క అని వాళ్ళు వెళ్ళిపోయారు. చుక్కి అప్పుడు ఉడుత వెంట ఉరుకుతోంది. సారు గట్టు మీద కూలబడి నాలుక కింద గోలీ పెట్టుకున్నాడు. నేను వంద తిట్లు తిట్టాను.

"కోడలికి చెప్త ఉండు."

"చెప్తే గడప దాటనియ్యదు. మేడంకు తెలిస్తే పేరు కొట్టేస్తది. అక్కా, కుర్చీల కూసోని చావమంటవా నన్ను?"

"చేన్ల పడి చస్తవా మరి?"

"చావనులే. చుక్కి ఉన్నది గద, అది కుంటిది. కుంటిదాని కోసం ఆగితే ఎవ్వడేమంటడు?"

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. అట్లా మొదలైంది. దమ్ము ఆగినప్పుడల్లా చుక్కిని పిలిచి కూర్చోబెట్టి వీపు మీద చేయి వేసేవాడు. దమ్ము తిరిగొచ్చాక చేయి తీసేవాడు, అది లేచేది. ఆ ఏడు నడకలు అయిపోయేసరికి పిలవాల్సిన పని లేకపోయింది. ఆయన ఊపిరి చప్పుడు మారగానే అదే ఆగి, వెనక్కి వచ్చి, ఆయన కాళ్ళ దగ్గర కూర్చునేది. ఆ కుక్క కుంటిదే. కానీ లాడ్జీ వెనక పిల్లిని తరిమినప్పుడు వచ్చి చూడండి, మీ జూలు కుక్కలు దాని తోక కూడా అందుకోలేవు. రెండేళ్ళు అది నడవలేని కుక్క అనిపించుకుంది. మీరందరూ దాని మీద జాలిపడ్డారు. నేను పక్కన నిలబడి ఊరుకున్నాను.

ఆఖరి నడకలో పత్తిచేను దాటాక కల్వర్టు మీద కూర్చున్నాడు సారు. చాలాసేపు లేవలేదు. ముందు నుంచి మేడం విజిల్ వినబడింది. సారు విజిల్ నోట్లో పెట్టుకున్నాడు, ఊదలేకపోయాడు. తీసి నా చేతిలో పెట్టాడు. "నువ్వు ఊదక్కా."

నేను రెండుసార్లు ఊదాను. వాళ్ళు ముందుకు నడిచారు.

పెద్దలారా, మీరు వెతుకుతున్న తప్పు అది. అది నాది. ఆ విజిల్ ఊదకపోతే మేడం వెనక్కి వచ్చేది. అంత మంది ఉన్నారు, బస్సు ఉంది, ఎవరో ఒకరు ఆ రోజే దవాఖానకు చేర్చేవాళ్ళు. కొంతసేపటికి సారు లేచాడు, నా భుజం పట్టుకుని బస్సు దాకా వచ్చాడు. బస్సు డ్రైవర్ ఖాజా చూసి, "క్యా సాబ్, తబియత్ ఠీక్ నై క్యా?" అని ఒంట్లో ఎట్లుందో అడిగాడు. "చుక్కికి కాలు నొప్పి, ఎత్తుకొచ్చిన" అన్నాడు సారు. చుక్కి అప్పటికే బస్సెక్కి సీటు కింద ఉంది. ఖాజా దాన్ని చూశాడు, నన్ను చూశాడు, బస్సు స్టార్టు చేశాడు. మంగళవారానికి సారు లేడు.

ఇంతవరకు రాశాక వెంకటయ్య అన్నాడు. "అమ్మా, తలుచుకునుడంటే పొగడాలె. ఇది కేసు లెక్క ఉన్నది."

"కేసే. రాయి."

నేను అడిగేది ఒక్కటే. రూలు తీయమని అడగను. తీయరని తెలుసు, తీసినా నేను రాను. వెనక నడిచే మనిషి లేని నడకలో నాకేం పని? సారు విజిల్ ఈ కాగితంతో పంపుతున్నాను. దాన్ని ఊదే హక్కు నాకు లేదు. కానీ ఆ పుస్తకంలో, కుంటి కుక్క కోసం ఆగి ఆగి సారు పోయాడని మాత్రం వేయకండి. "ఉత్తరం ఆలస్యంగ చేరినా చేరినట్టే అక్కా" అనేవాడు సారు. అన్నీ అట్లా కాదు తమ్మీ. చేరినా పనికిరాని ఉత్తరాలుంటయ్. ఇది అట్లాంటిదే. అయినా రాయించాను.

మొన్న ఆదివారం పొద్దున్నే చుక్కి గది తలుపు గీరింది. దానికి రూలు తెలియదు. పోస్టాఫీసు దాకా తీసుకుపోయాను. రోడ్డుకు ఇవతలే నిలబడ్డాం. అవతల అందరూ బస్సెక్కారు, బస్సు పోయింది. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలవాళ్ళు పట్టాలు పరుస్తున్నారు. ఇంటికి మళ్ళాం.

కొంత దూరం పోయాక చుక్కి ఆగింది. వెనక్కి చూసింది, అక్కడే కూర్చుంది. సారుకు దమ్ము రావడానికి పట్టేంతసేపు చూశాను. లేవలేదు. తాడు లాగాను, లేవలేదు. వంగి దాని వీపు మీద చేయి వేశాను. కాసేపు ఉంచి, తీశాను. అప్పుడు లేచి నడిచింది. నాంపల్లి చేరేలోపు పదకొండుసార్లు ఆగింది. పదకొండుసార్లూ వంగాను.

చెప్పింది నేనే. చదివి వినిపించారు, విన్నాను, నా మాటలే.

మల్లమ్మ, ఎడమచేతి బొటనవేలి నిశాని
సాక్షులు: చాయ్ బండి యాదగిరి, బస్సు డ్రైవర్ ఖాజా
రాసినది: వెంకటయ్య. మెడకు పట్టీ ఉన్న కుక్క ఒకటి రాసినంతసేపూ బల్ల కింద ఉన్నది, ఆమె రాయమన్నందున రాయడమైనది.