యాళిది ఏ ఊరు?

మా సత్తార్ సారుకు ఒకటే పిచ్చి. ఏ మాట చెవిన పడినా అది ఏ ఊరిదో, ఎవరింట పుట్టిందో తేలేదాకా ఆయనకు ముద్ద దిగదు. జమ్మలమడుగులో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైన ఈ అబ్దుల్ సత్తార్ గారు, మనుషుల ఊరూ పేరూ అడగడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

ఒకసారి ఆయన్ను పన్ను పీకించడానికి ప్రొద్దుటూరు తీసుకుపోయాను.

"కుర్చీలో కూర్చోండి," అంది డాక్టరమ్మ.

"కుర్చీ అరబ్బీ మాటమ్మా, తెలుసునా?"

"నోరు తెరవండి."

"తెరిస్తే ఎట్ల చెప్పాల?"

మత్తుసూది పడింది కాబట్టి సరిపోయింది. లేకుంటే ఆ పన్ను ఇప్పటికీ ఉండేది.

నేను గండికోటలో గైడును. గుడి స్తంభాల మీద యాళి ఉంటుంది. సింహం ఒళ్లు, ఏనుగు తొండం, ఉరిమి చూసే గుడ్లు. దాని గురించి నాకు ఒక్క ముక్క తెలీదు. అందుకే, "ఇది డైనోసారు. రాజులు కాపలాకు పెంచుకున్నారు," అని చెప్పేవాణ్ణి. టూరిస్టులు నోళ్లు వెళ్లబెట్టేవారు. సరిగ్గా అప్పుడే స్తంభం వెనక నుంచి సారు గొంతు లేచేది.

"ఓబులేసూ! ఏంది చెప్తాండావు? సంస్కృతంలో వ్యాళం అంటే పాము. మదమెక్కిన ఏనుగూ వ్యాళమే, క్రూరమృగమూ వ్యాళమే. అది అరిగి యాళి అయిందంటారు. కాదు, అరవంలోనే పుట్టిందనేవాళ్లూ ఉండారు!"

ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చి మరీ నా పరువు తీసేవారు.

పోయిన నెల గైడు కార్డుల కోసం పరీక్ష పెట్టారు. కార్డు పోతే నేను మా నాయన పుల్లన్న గొర్రెల వెంట పోవాల్సిందే. గొర్రెలకు డైనోసారు కథ చెప్పినా తలెత్తవు. పరీక్ష పెట్టే ఆఫీసరమ్మతో స్తంభం దగ్గరికి వచ్చేసరికి, చంకలో నిఘంటువుతో సారు అక్కడ ప్రత్యక్షం. ఆయన నోరు తెరిస్తే నా కార్డు గోవిందా.

"ఎవరాయన? తెలిసినాయనా?" అంది ఆఫీసరమ్మ.

"తెలీదు మేడం. ఎవరో పిచ్చాయన, ఈడీడనే తిరుగుతాంటాడు."

నేను పదో తరగతి తప్పితే తన ఇంట్లో కూర్చోబెట్టుకుని పాస్ చేయించిన మనిషిని అన్న మాట అది. ఆయన విన్నారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఈ బొమ్మ పేరేమిటి? ఆ పేరెట్లా వచ్చింది?" ఆఫీసరమ్మ అడిగింది. ఆదివారాల పాఠం ఒక్క ముక్క గుర్తు రాలేదు, నోటికి డైనోసారే వస్తోంది.

"గైడప్పా," అంటూ సారు చేతులు కట్టుకుని ముందుకొచ్చారు. "తెలీక అడుగుతాండా. యాళి అనేది వ్యాళం లోంచి వచ్చిందంటారే, నిజమేనా?"

"నిజమే."

"వ్యాళమంటే పామనీ, మదపుటేనుగనీ, క్రూరమృగమనీ అర్థాలుండాయంట గదా?"

"ఉండాయి."

"అరవంలోనే పుట్టిందని గూడా కొందరంటారంట?"

"అంటారు."

"అబ్బ, శానా తెలుసప్పా నీకు!"

ఆఫీసరమ్మ నవ్వాపుకుంటూ టిక్కు పెట్టింది. ఒక మాట తెలీదని సారు ఒప్పుకోవడం నేను చూడడం అదే మొదలు, అదే చివర. అది కూడా నా కోసం. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సారు ఎక్కిన బస్సు దగ్గరికి పరిగెత్తాను.

"సార్, మీరెవరో తెలీదనేసినా. సిగ్గుతో చచ్చిపోతాండా."

కిటికీలోంచి ఆయన తల బయటికొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"సిగ్గా! అది యాడనుంచో తెచ్చుకున్నది కాదురా. అచ్చ తెలుగు మాట, మనింట్లోనే పుట్టింది. జాగ్రత్తగా పెట్టుకో."

బస్సు కదిలింది. మలుపు తిరిగేదాకా ఆయన అరుపు వినపడుతూనే ఉంది.

"డైనోసారు మాత్రం గ్రీకురా ఓబులేసూ!"